సీపీయూ డబ్బాకు ఒక క్యూసెక్కు గాలి

కృష్ణకు వరద వచ్చిందంటే బెజవాడలో బడిపిల్లలు కూడా ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో అంటూ మాట్లాడతారు. ఎగువ నుంచి ఎన్ని క్యూసెక్కులు వస్తున్నాయి, ప్రకాశం బ్యారేజీ నుంచి ఎన్ని వదులుతున్నారు, ఎన్ని గేట్లు ఎత్తారు అన్నది పొద్దున్నే పేపర్లో చూసుకునే లెక్క. 2024 సెప్టెంబరులో ఆ అంకె 11 లక్షలు దాటినప్పుడు ఊరికి కంటిమీద కునుకు లేదు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. కంప్యూటర్ ఫ్యాన్ అట్టపెట్టె మీద రాసే సీఎఫ్ఎం అంటే నిమిషానికి ఒక ఘనపుటడుగు. కాబట్టి 60 సీఎఫ్ఎం అంటే సరిగ్గా ఒక క్యూసెక్కు. డెస్క్‌టాప్ క్యాబినెట్‌లో ఫ్యాన్లు ఎటు పెట్టాలి, ఎన్ని పెట్టాలి అనే ప్రశ్నను ఈ కొలతతో చూస్తే చాలా చిక్కులు విడిపోతాయి.

మన దగ్గర డబ్బా మొత్తాన్నీ సీపీయూ అనేస్తాం. అసలు సీపీయూ లోపల మదర్‌బోర్డు మీద కూర్చున్న చిన్న చిప్పు. అలవాటు మాట తప్పేమీ కాదు గానీ, గందరగోళం రాకుండా ఇక్కడ డబ్బాను క్యాబినెట్ అనీ, చిప్పును ప్రాసెసర్ అనీ అందాం.

ముందు వేడి లెక్క. కంప్యూటర్ లాక్కునే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. టాలీ, వర్డ్ నడిచే ఆఫీసు సిస్టమ్ వంద వాట్ల లోపే తింటుంది, దానికి వెనక ఒక్క ఫ్యాన్ ఉన్నా గడిచిపోతుంది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోలో గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టమ్ సంగతి వేరు. రాత్రంతా రెండరింగ్ (ఎడిట్ చేసిన వీడియోను చివరి ఫైలుగా తయారుచేసే పని) పెట్టి వదిలేస్తే 400 వాట్లు గంటల తరబడి నడుస్తూనే ఉంటుంది. 40 డిగ్రీల దగ్గర ఒక క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 32 గ్రాముల గాలి. 400 వాట్లంటే సెకనుకు 400 జౌల్స్ వేడి. దాన్ని మోసుకుపోవాలంటే ఆ 32 గ్రాముల గాలి తాను పన్నెండున్నర డిగ్రీలు వేడెక్కాలి. అంటే గది 40లో ఉంటే క్యాబినెట్ వెనక నుంచి వచ్చే గాలి 52 దాటుతుంది. గాలి రెండు క్యూసెక్కులకు పెంచితే పెరుగుదల ఆరు డిగ్రీల చిల్లర. మూడుకు పెంచితే నాలుగు. మొదటి క్యూసెక్కు లేకపోతే కొంప మునుగుతుంది, రెండోది ఆరు డిగ్రీలు మిగులుస్తుంది, మూడోదానికి దక్కేది రెండు డిగ్రీలు మాత్రమే. రంగురంగుల ఫ్యాన్లు తొమ్మిది బిగించిన క్యాబినెట్, మూడు మామూలు ఫ్యాన్లున్న క్యాబినెట్ కంటే అంత గొప్పగా చల్లగా ఉండకపోవడానికి కారణం ఈ తరుగుదలే.

ఇంకో సంగతి. ఏ ఫ్యాన్ అయినా గది గాలినే లోపలికి తోస్తుంది, దాన్ని చల్లబరచలేదు. జనవరిలో 25 డిగ్రీల గదిలో ప్రాసెసర్ 70 చూపిస్తే, అదే పని మీద రోహిణి కార్తెలో 40 డిగ్రీల గదిలో 85 దగ్గర ఉంటుంది. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు ఎక్కువ భాగం 100 డిగ్రీల దగ్గర, ఏఎండీ రైజెన్ 7000 వరుస చాలావరకు 95 దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. చలిదేశంలో తీసిన వీడియో చూసి ‘ఈ అమరిక చాలు’ అనుకుంటే, అక్కడి గదికీ మన గదికీ మధ్య ఉన్న 15, 20 డిగ్రీలు ఎవరి ఖాతాలో వేయాలి? మాఘంలో ఏ తంటా లేకుండా నడిచిన ఎడిటింగ్ సిస్టమ్ జ్యేష్ఠం ముహూర్తాలకు వచ్చేసరికి రెండరింగ్‌కు గంటలు ఎక్కువ తీసుకుంటే, సాఫ్ట్‌వేర్‌ని తిట్టే ముందు గోడ మీద థర్మామీటర్ చూడాలి.

ఇప్పుడు ఫ్యాన్ల అమరికలో వినిపించే బ్యాలెన్స్ అనే మాట. దీన్ని చాలామంది ఫ్యాన్ల సంఖ్యగా అర్థం చేసుకుంటారు: లోపలికి రెండు, బయటికి రెండు, లెక్క సరిపోయింది. గాలి ఆ లెక్క చూడదు. ప్రకాశం బ్యారేజీ సుమారు 3 టీఎంసీలు దాచుకోగలదు, కాబట్టి అక్కడ కొంతసేపు ఇన్‌ఫ్లో ఎక్కువ, ఔట్‌ఫ్లో తక్కువ ఉండొచ్చు. క్యాబినెట్ ఏమీ దాచుకోలేదు. మామూలు మిడ్ టవర్ (మధ్యస్థం సైజు క్యాబినెట్) లోపలి ఖాళీ 40, 50 లీటర్లు. ఒక క్యూసెక్కు గాలి పోతుంటే ఆ గాలంతా రెండు సెకన్ల లోపే మారిపోతుంది. అందుకని ఎన్ని ఫ్యాన్లు ఎటు తిప్పినా, లోపలికి వచ్చేదీ బయటికి పోయేదీ ఎప్పుడూ సమానమే. మన చేతిలో ఉన్నదల్లా ఏ దారిన రావాలి, ఏ దారిన పోవాలి అన్నదే. గాలిని బయటికి తోసే ఎగ్జాస్ట్ ఫ్యాన్ల బలం ఎక్కువైతే, తక్కువ పడ్డ గాలిని క్యాబినెట్ కనిపించిన సందుల్లోంచల్లా పీల్చుకుంటుంది. లోపలికి లాగే ఇన్‌టేక్ ఫ్యాన్ల బలం ఎక్కువైతే, మిగిలిన గాలి అవే సందుల్లోంచి బయటికి పోతుంది. నెగటివ్ ప్రెజర్, పాజిటివ్ ప్రెజర్ అని పెద్ద పేర్లతో పిలిచేది దీన్నే. ఆ ఒత్తిడి తేడా చాలా చిన్నది, చేతికి తెలియదు. సందుల్లో గాలి ఎటు పోతోందన్నదే దాని ఫలితం.

వంటింట్లో దీన్ని రోజూ చూస్తున్నాం. తాలింపు వేసేటప్పుడు కిటికీలు, తలుపులు అన్నీ మూసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే అది గిర్రున తిరుగుతుంది గానీ పొగ కదలదు. తలుపు కింద సందులోంచి హాల్లో దుమ్ము మాత్రం లోపలికి వస్తుంది. వీధి గుమ్మం, పెరటి గుమ్మం ఎదురెదురుగా పెట్టి కట్టిన పాత ఇళ్లలో ఫ్యాన్ లేకపోయినా గాలి ఆడేది. రావడానికి ఒక దారి, పోవడానికి ఒక దారి, మధ్యలో అడ్డు లేకపోవడం. క్యాబినెట్‌కు కావలసిందీ ఇంతే.

దుమ్ము దగ్గరికి వచ్చేసరికి ఈ విషయం మన జిల్లాలకు ప్రత్యేకంగా మారుతుంది. విజయవాడ మధ్యలోంచి రెండు జాతీయ రహదారులు పోతున్నాయి. ఇబ్రహీంపట్నం వైపు థర్మల్ కేంద్రం బూడిద ఉంది. గుంటూరులో మిర్చి యార్డు, చుట్టూ కోల్డ్ స్టోరేజీలు, పత్తి జిన్నింగ్ మిల్లులు. మిర్చి సీజన్‌లో ఆ చుట్టుపక్కల దుకాణంలో ఏడాదిగా విప్పని క్యాబినెట్‌ను బ్లోయర్‌తో ఊదితే ముందు వచ్చేది తుమ్ము. గుంటూరు బ్రాడీపేటలోనో, బెజవాడ గవర్నర్‌పేటలోనో రిపేరు షాపు బల్ల మీద వేసవిలో విప్పే క్యాబినెట్‌లో కనిపించేది ఇది: ప్రాసెసర్ మీది ఫ్యాన్ నాలుగు స్క్రూలు తీసి పైకెత్తితే, కింద హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని గాలికి వదిలే లోహపు దిమ్మ) రేకులు కనబడవు. వాటి మీద బూడిదరంగు దుప్పటి ముక్కలాంటిది పరుచుకుని ఉంటుంది. స్క్రూడ్రైవర్ మొనతో ఒక మూల లేపితే అప్పడంలా మొత్తం ఒకే ముక్కగా ఊడివస్తుంది. దాన్ని తీసేసిన తర్వాత ఆ సిస్టమ్‌కు కొత్త ఫ్యాన్ అవసరం ఉండకపోవడమే ఎక్కువ.

ఆ బల్ల మీదే ఇంకో ఆనవాలు ఉంటుంది. వెనక కార్డులు బిగించే స్లాట్ల మూతల అంచుల వెంట, యూఎస్‌బీ పోర్టుల చుట్టూ, సైడ్ ప్యానెల్ కలిసే గీత వెంట సన్నని నల్లని చారలు కనిపిస్తే, ఆ క్యాబినెట్ ఇన్నాళ్లూ సందుల్లోంచి గాలి పీల్చిందన్నమాట. సందుకు ఫిల్టర్ ఉండదు. ఫిల్టర్ ఉన్న చోట నుంచి లాగని గాలి, లేని చోట నుంచి వచ్చింది. చారలు లేకుండా ముందు జాలీకి మాత్రమే దుమ్ము పట్టి ఉంటే గాలి సరైన దారిలోనే వస్తోంది.

అసలు ఇబ్బంది ఏమిటంటే ఈ బ్యాలెన్స్ నిలకడగా ఉండదు. కొత్తగా బిగించిన రోజున ముందు రెండు ఇన్‌టేక్ ఫ్యాన్లు, వెనక ఒక ఎగ్జాస్ట్ ఉన్న క్యాబినెట్‌లో ఇన్‌టేక్‌దే పైచేయి. నెల గడిచేసరికి ముందు ఫిల్టర్‌కు దుమ్ము పట్టి దారి బిగుసుకుంటుంది. వెనక ఎగ్జాస్ట్‌కు ఫిల్టర్ లేదు కాబట్టి దాని లాగుడు అలాగే ఉంటుంది. ఒక్క స్క్రూ కదపకుండానే పాజిటివ్ కాస్తా నెగటివ్ అయిపోతుంది. రెండు ఇన్, రెండు ఔట్ అని సరిసమానంగా పెట్టినవాళ్లకు ఇది ఇంకా ముందే జరుగుతుంది. ఎందుకంటే ఫిల్టర్ శుభ్రంగా ఉన్నప్పుడు కూడా ఇన్‌టేక్ ఫ్యాన్‌కు అడ్డు ఎక్కువ. అందుకే మన ఊళ్లలో సరిసమానం కంటే ఇన్‌టేక్ వైపు కొంచెం మొగ్గు ఉండడమే సరైన బ్యాలెన్స్. ముందు రెండు, వెనక ఒకటి అనే పాత అమరిక ఇంతకాలం నిలబడింది ఊరికే కాదు. అయితే ఆ ఇన్‌టేక్‌కు ఫిల్టర్ లేకపోతే పాజిటివ్ ప్రెజర్ వల్ల ఒరిగేదేమీ లేదు. దుమ్మును సందుల్లోంచి కాకుండా దర్జాగా ముందు గుమ్మం నుంచే లోపలికి పిలిచినట్టు. ఫిల్టర్ లేని పాత క్యాబినెట్‌కు దోమల కిటికీకి కొట్టే నైలాన్ జాలీ ముక్క కత్తిరించి అంటించినా బొచ్చు, దూది ఆగుతాయి, సన్నటి బూడిద మాత్రం ఆగదు. జాలీ ఎంత సన్నగా అల్లితే అంత దుమ్ము ఆగుతుంది, అంత గాలీ ఆగుతుంది.

వేడి గాలి పైకి పోతుంది కాబట్టి పైన ఎగ్జాస్ట్ తప్పనిసరి అనే వాదన తరచూ వినిపిస్తుంది. వేడి గాలి పైకి పోయే మాట నిజమే, కానీ ఆ బలం ఎంత? పన్నెండు డిగ్రీల తేడాకు, అడుగున్నర ఎత్తు డబ్బాలో అది ఒత్తిడిని కొలిచే పాస్కల్‌లో ఐదో వంతు. మామూలు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ గరిష్ఠంగా పుట్టించే ఒత్తిడి 15 పాస్కళ్ల వరకూ ఉంటుంది. ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు గాలి అది చెప్పినట్టే వింటుంది, వేడి మాట వినదు. పైన ఎగ్జాస్ట్ పెడితే వెనక వైపు మూలలో, అంటే ప్రాసెసర్ దాటిన తర్వాత పెట్టాలి. పైనే ముందు మూలలో పెడితే, ముందు నుంచి ఇప్పుడే వచ్చిన చల్లగాలి ప్రాసెసర్ దాకా పోకముందే ఆ ఫ్యాన్ లాగేసుకుని బయట పారేస్తుంది. కాలువ గట్టు తెగి నీళ్లు పొలానికి చేరకుండా డొంకలో పోయినట్టు. క్యాబినెట్ పైన మూడు ఫ్యాన్ల చోటు ఉంది కదా అని మూడూ నింపేసేవాళ్లకు తగిలే దెబ్బ ఇదే. ఆ ముందు మూల ఖాళీగా వదిలి, దాని మీద అట్టముక్క పెట్టినా మంచిదే.

ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పవర్ సప్లై డబ్బా గురించి పొడుగ్గా చెప్పనక్కర్లేదు. ఈనాటి క్యాబినెట్లలో అది కింద కూర్చుని కింద నుంచే గాలి పీల్చి వెనక్కి వదులుతుంది, మిగతా వ్యవహారంతో దానికి పెద్దగా సంబంధం లేదు. టైల్స్ నేల మీద పాదాలు పొట్టిగా ఉంటే మాత్రం దానికి ఊపిరాడదు. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే మదర్‌బోర్డు, క్యాబినెట్ల కొలతల ప్రమాణం తెచ్చినప్పుడు ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ బయటి గాలిని లోపలికి తోసి ప్రాసెసర్ మీదికి ఊదాలనుకున్నారు. ముందే వేడెక్కిన గాలితో ప్రాసెసర్‌ను చల్లబరచడం కుదరక తర్వాత దాన్ని తిప్పేశారు. పెద్ద పెద్ద కంపెనీలే ఫ్యాన్ ఒకవైపు పెట్టి మళ్లీ రెండోవైపు తిప్పాయంటే, ఇళ్లల్లో తికమకపడడంలో సిగ్గేమీ లేదు.

ఫ్యాన్ ఎటు ఊదుతుందో తెలుసుకోవడం తేలిక. మోటారును పట్టుకునే పుల్లలు ఏ వైపు ఉంటే గాలి ఆ వైపు నుంచి బయటికి వస్తుంది. నునుపుగా, రెక్కలు మాత్రమే కనిపించే ముఖం పీల్చే వైపు. మార్కెట్లో రివర్స్ బ్లేడ్ ఫ్యాన్లు వచ్చాక ఈ గుర్తు కొన్నిసార్లు మోసం చేస్తోంది. అద్దంలోంచి అందమైన ముఖం కనబడాలని రెక్కలు తిరగేసి చేసినవవి. కాబట్టి అన్నిటికంటే నమ్మకమైన సాధనం దేవుడి గూట్లో ఉంది. అగరుబత్తి వెలిగించి, గదిలో ఫ్యాన్ ఆపి, క్యాబినెట్ చుట్టూ నెమ్మదిగా తిప్పాలి. ముందు జాలీ దగ్గర పొగ లోపలికి వంగాలి. వెనక ఫ్యాన్ దగ్గర దూరంగా తోసుకుపోవాలి. తర్వాత స్లాట్ మూతల దగ్గర, ప్యానెల్ సందు దగ్గర పెట్టి చూడాలి. అక్కడ పొగ బయటికి ఒరిగితే పాజిటివ్, లోపలికి గుంజుకుంటే నెగటివ్. ఏ మీటరూ అక్కర్లేదు. బూడిద మాత్రం ముందు జాలీ దగ్గర రాలకుండా చూసుకోవాలి.

ఇదంతా బాగా చేసి కూడా సిస్టమ్ వేడెక్కుతుంటే కారణం డబ్బా బయట వెతకాలి. మన ఇళ్లలో కంప్యూటర్ టేబుల్ కింద క్యాబినెట్ కోసం ఒక చెక్క అర ఉంటుంది. మూడువైపులా పలక, ముందు ఒక తలుపు, వెనక గోడకు నాలుగు వేళ్ల దూరం. వెనక ఎగ్జాస్ట్ వదిలిన 52 డిగ్రీల గాలి గోడకు కొట్టుకుని, పక్క సందుల్లోంచి తిరిగి ముందుకు వచ్చి, ఇన్‌టేక్‌లోకే దూరుతుంది. గదిలో 40 ఉన్నా క్యాబినెట్‌కు మాత్రం 46, 48 డిగ్రీల గదిలో ఉన్నట్టే. అది మళ్లీ దాని మీద పన్నెండు చేర్చి వదులుతుంది, ఆ గాలే మళ్లీ తిరిగొస్తుంది. వదిలిన నీటినే మోటారు పెట్టి ఎగువకు ఎత్తిపోసుకుంటూ వరద తగ్గలేదని బాధపడినట్టు ఉంటుంది వ్యవహారం. ఆ అరలోంచి క్యాబినెట్‌ను బయటికి తీసి చిన్న పీట మీద, గోడకు జానెడు దూరంలో పెట్టడం వల్ల దక్కే చల్లదనం రెండు కొత్త ఫ్యాన్లు కొన్నా దక్కకపోవచ్చు. వెనక స్లాట్ మూతలు పోయిన పాత క్యాబినెట్లకు ఇదే జబ్బు చిన్న ఎత్తున ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు వెనక్కి వదిలిన వేడి పక్కనే ఉన్న కన్నంలోంచి మళ్లీ లోపలికి వస్తుంది. రూపాయి ఖర్చు లేకుండా టేపు ముక్కతో పోయే జబ్బు.

ముందంతా గాజుపలక ఉన్న క్యాబినెట్లు చూడ్డానికి షోకేసులా ఉంటాయి. వాటిలో కొన్నిటికి గాజు వెనక మూడు ఫ్యాన్లు ఉంటాయి గానీ గాలి రావడానికి పక్కన వేలెడు సందే ఉంటుంది. ఫ్యాన్లు మూడైనా ముప్పయ్యైనా ఆ సందులోంచి పట్టేంతే గాలి వస్తుంది. అట్టపెట్టె మీద 60 సీఎఫ్ఎం అని రాసేది ఏ అడ్డూ లేని చోట కొలిచిన మాట. జాలీ, ఫిల్టర్, గాజు ఇన్ని దాటేసరికి అది సగానికి పడిపోయినా వింత లేదు. అలాంటి చోట సీఎఫ్ఎం అంకె కంటే స్టాటిక్ ప్రెజర్ (అడ్డును దాటించి గాలిని తోయగల ఒత్తిడి) అంకె చూసి ఫ్యాన్ కొనాలి. ఇంకా మంచిది, కొనేటప్పుడే ముందు భాగం జాలీ ఉన్న క్యాబినెట్ ఎంచుకోవడం. సైజులో 120 కంటే 140 మిల్లీమీటర్లది పడితే అదే మేలు. అంతే గాలిని నెమ్మదిగా తిరుగుతూ తోస్తుంది. ఫ్యాన్ వేగం రెట్టింపు చేస్తే గాలి రెట్టింపే అవుతుంది, మోత మాత్రం సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతుంది. పక్కన ఇంకో ఫ్యాన్ చేరిస్తే మోత పెరిగేది మూడే.

ఎస్‌ఎంపీఎస్ వైరుకే నేరుగా తగిలించే చవక ఫ్యాన్లు ఎప్పుడూ పూర్తి వేగంతో తిరుగుతాయి. మదర్‌బోర్డుకు తగిలే నాలుగు పిన్నుల ఫ్యాన్ అయితే బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే తెరవగలిగే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) వేగం పెట్టుకోవచ్చు. చలికాలంలో పెట్టిన సెట్టింగ్‌ను ఏప్రిల్‌లో ఒకసారి మార్చాలి. లేకపోతే 40 డిగ్రీల గదిలో ఊరికే కూర్చున్న ప్రాసెసర్ కూడా 55 చూపించి ఫ్యాన్లన్నీ మధ్యాహ్నమంతా మోత మోగిస్తాయి. అప్పుడు కూడా ఇన్‌టేక్ వేగం ఎగ్జాస్ట్ కంటే ఓ మెట్టు ఎక్కువగా ఉంచితే ఫిల్టర్‌కు దుమ్ము పట్టేదాకా పైచేయి నిలుస్తుంది.

సైడ్ ప్యానెల్ విప్పేసి టేబుల్ ఫ్యాన్ పెట్టడం మన దగ్గర బాగా తెలిసిన వైద్యం. ఆ పూటకు పని గడుస్తుంది, కాదనలేం. కానీ దుమ్ముకు తలుపులు బార్లా తీసినట్టే. బల్లి దూరి బోర్డు కాలిపోయిన కథలు ప్రతి రిపేరు షాపులోనూ ఉంటాయి. విప్పడాన్ని వైద్యంగా కాకుండా పరీక్షగా వాడితే ఉపయోగం ఎక్కువ. టేబుల్ ఫ్యాన్ లేకుండా ఒక అరగంట రెండరింగ్ నడిపి ఉష్ణోగ్రతలు రాసుకుని, ప్యానెల్ తీసి మళ్లీ అరగంట నడపాలి. రెండు మూడు డిగ్రీలే తగ్గితే అమరిక బాగానే ఉంది, మిగతాదంతా గది వేడి. ఎనిమిది పది తగ్గితే ముందు దారి మూసుకుపోయిందని అర్థం. ఎయిర్ కూలర్ ఉన్న గదిలో పడమటి వడగాలి రోజుల్లో గది పది డిగ్రీలు తగ్గితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే తగ్గుతుంది. అయితే కూలర్ మూతి నేరుగా క్యాబినెట్ మీదికి పెట్టకూడదు, చెమ్మ తగిలిన దుమ్ము హీట్‌సింక్ రేకుల మధ్య బురదలా గడ్డకడుతుంది. తలుపులు మూసిన చిన్న గదిలో క్యాబినెట్ బ్యాలెన్స్ ఎంత బాగున్నా ఆ 400 వాట్లు గదిలోనే ఉంటాయి. ఒక టన్ను ఏసీ మోయగల వేడిలో అది తొమ్మిదో వంతు.

లోపలికి ఎంత గాలి నిజంగా పోతోందో తెలుసుకోవాలంటే ఒక చవక డిజిటల్ థర్మామీటర్ చాలు. ముందు జాలీ దగ్గర ఒకసారి, వెనక ఎగ్జాస్ట్ దగ్గర ఒకసారి పెట్టి తేడా చూడాలి. డిస్‌ప్లే ఉన్న యూపీఎస్ మీద లోడు కనిపిస్తుంది, అందులో మానిటర్ వాటా తీసేస్తే క్యాబినెట్ తింటున్న వాట్లు తెలుస్తాయి. 400 వాట్లకు తేడా పన్నెండు, పదమూడు ఉంటే ఒక క్యూసెక్కు పోతున్నట్టు. ఇరవై అయిదు ఉంటే అర క్యూసెక్కే. అప్పుడు ముందు ఫిల్టర్ ఊడదీసి కుళాయి కింద కడిగి, నీడలో ఆరబెట్టి, పూర్తిగా తడి ఆరాక పెట్టి మళ్లీ కొలవాలి. మే నెలలో బెజవాడ గదిలో ఆ ఆరబెట్టడానికి పట్టేది పావుగంటే.